ఇంటి కంప్యూటర్‌కు తేలికైన యాంటీవైరస్: అసలు బరువు ఎక్కడ పడుతోంది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఎనిమిదేళ్ల కింద కొన్న డెస్క్‌టాప్, పిల్లల ఇంజినీరింగ్ కోసం తీసుకున్న నాలుగు జీబీ ల్యాప్‌టాప్ నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వీటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, లేదంటే ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అప్‌డేట్లు ఆగాయి కాబట్టి యాంటీవైరస్ తప్పనిసరి అని ఒకరంటారు. అది వేస్తే సిస్టం కదలదని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే యాంటీవైరస్ లోపల ఏం చేస్తుందో ముందు చూడాలి.

ఫైల్ తెరిచిన ప్రతిసారీ జరిగేది

యాంటీవైరస్ పనిలో రెండు భాగాలున్నాయి. మనం అడిగినప్పుడో, పెట్టిన టైమ్‌కో డిస్క్ మొత్తం వెతకడం స్కానింగ్. ఏ ఫైల్ తెరుచుకుంటున్నా, కాపీ అవుతున్నా, డౌన్‌లోడ్ అవుతున్నా ఆ క్షణంలోనే అడ్డుపడి చూడటం రియల్ టైమ్ రక్షణ. మనల్ని కాపాడేది ప్రధానంగా రెండోదే, నెమ్మది తెచ్చేదీ అదే.

ఫైల్‌ను నాలుగు రకాలుగా పరీక్షిస్తుంది. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టికతో పోల్చడం పాత పద్ధతి. ఆ గుర్తులను సిగ్నేచర్లు అంటారు. పట్టికలో లేకపోయినా, ఫైల్ నిర్మాణం అనుమానంగా ఉంటే ఆపడం హ్యూరిస్టిక్స్. ప్రోగ్రాం నడుస్తుండగా దాని చేష్టలు చూడటం మూడో రకం. ఉదాహరణకు ఒక ప్రోగ్రాం నిమిషంలో వందల ఫొటోలను తాళం వేసినట్టు మార్చేస్తుంటే అది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం అయి ఉండొచ్చు. కొత్తగా కనబడిన ఫైల్ వివరాలను కంపెనీ సర్వర్‌కు పంపి జవాబు తెచ్చుకోవడం నాలుగోది, అదే క్లౌడ్ రక్షణ.

మొదటి మూడింటి భారం మన కంప్యూటర్ మీద పడుతుంది, నాలుగోదాని భారం ఇంటర్నెట్ మీద పడుతుంది. 'చాలా లైట్' అని పేరున్న యాంటీవైరస్‌లు కొన్ని లెక్కను క్లౌడ్‌కు నెట్టి తేలికవుతాయి. నెట్ సరిగా లేని ఊళ్లో ఆ తేలికకు బదులు రక్షణ తగ్గుతుంది.

ఈ పని చేయడానికి యాంటీవైరస్ విండోస్ లోపలి పొర దాకా వెళ్లాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయింది అందుకే. అంత లోతున రెండు యాంటీవైరస్‌లు కూర్చుంటే ఒకటి తెరిచిన ఫైల్‌ను రెండోది పట్టుకుంటుంది. 'ఒకటికి రెండు ఉంటే మంచిది' అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ర్యామ్ అంకె చూసి మోసపోవద్దు

తేలిక అనగానే అందరూ చూసేది ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో యాంటీవైరస్ పక్కన 200 ఎంబీ కనబడితే బరువైనదని, 60 ఎంబీ కనబడితే తేలికైనదని అనుకుంటారు. 4 జీబీ అంటే 4,096 ఎంబీ. విండోస్ 10 తన పనికి సుమారు 2,000 తీసుకుందనుకుందాం. క్రోమ్‌లో ఏడెనిమిది ట్యాబ్‌లు ఉంటే ఇంకో 1,300. యాంటీవైరస్ 200. మొత్తం 3,500. ఇంతవరకు బండి నడుస్తుంది. ఇప్పుడు ఒక పెద్ద పీడీఎఫ్, ఎక్సెల్ తెరిస్తే ర్యామ్ నిండుతుంది. నిండాక విండోస్ కొంత భాగాన్ని డిస్క్ మీదకు దించి, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కించుకుంటుంది. సిస్టం హ్యాంగ్ అయిందని మనం అనేది ఈ ఎక్కడం దిగడాన్నే. యాంటీవైరస్ మార్చి 100 ఎంబీ మిగుల్చుకోవచ్చు, క్రోమ్‌లో రెండు ట్యాబ్‌లు మూసినా అంతే మిగులుతుంది.

అసలు బరువు డిస్క్ మీద పడుతుంది. పాత హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది, ముల్లు అటూ ఇటూ కదిలి చదువుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద లోపే అందుకోగలదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, వేలల్లో అందుకుంటుంది.

2 జీబీ ఉన్న ఒక్క సినిమా ఫైల్‌ను కాపీ చేస్తే యాంటీవైరస్ ఒక్కసారి అడ్డుపడుతుంది. అదే 2 జీబీ 10,000 చిన్న ఫైళ్లుగా ఉంటే పది వేల సార్లు అడ్డుపడుతుంది. ప్రతి ఫైల్‌కు ఒక్క అదనపు చదువు పడిందనుకుంటే, సెకనుకు 80 చొప్పున 125 సెకన్లు, అంటే రెండు నిమిషాలకు పైగా ఆలస్యం. ఎస్‌ఎస్‌డీలో ఇదే ఆలస్యం కొన్ని సెకన్లకు మించదు. ఒకే యాంటీవైరస్ ఒక ఇంట్లో గాలిలా, పక్కింట్లో బండరాయిలా అనిపించడానికి చాలావరకు ఇదే కారణం.

ఇంకో సంగతి: ఒకసారి చూసిన ఫైల్ మారకపోతే దాన్ని మళ్లీ చూడకుండా యాంటీవైరస్‌లు గుర్తు పెట్టుకుంటాయి. అందుకే కొత్తగా వేసిన మొదటి ఒకటి రెండు రోజులు ఏదైనా బరువుగానే ఉంటుంది. ఆ రెండు రోజుల్లోనే విసిగి తీసేసి, ఇంకోటి వేసి, అదీ బరువేనని తీసేసేవాళ్లు చాలామంది.

మార్చేముందు పది నిమిషాలు కొలిచి చూస్తే

కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసెస్‌లో సీపీయూ, మెమొరీ, డిస్క్ అనే మూడు నిలువు వరసలుంటాయి. డిస్క్ వరస పైన నొక్కితే ఎక్కువ వాడుతున్నది పైకి వస్తుంది.

అక్కడ 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' పైన ఉంటే అది విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండరే. కాసేపు పనిచేసి తగ్గితే మామూలే. 'విండోస్ సెర్చ్ ఇండెక్సర్', 'సిస్టం', విండోస్ అప్‌డేట్ పైన ఉంటే తప్పు యాంటీవైరస్‌ది కాదు. ఏ ప్రోగ్రాం పెద్దగా ఏమీ చేయకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, చదివే వేగం ఒకటి రెండు ఎంబీలే చూపిస్తే హార్డ్‌డిస్క్ ముసలిదై ఉండొచ్చు. అప్పుడు ముందు ఫొటోలు, కాగితాలు వేరేచోట కాపీ చేసి పెట్టుకోవాలి, యాంటీవైరస్ సంగతి తర్వాత.

పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద ఇప్పటి వేగం గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది. మామూలుగా 2 దాటి నడిచే ప్రాసెసర్, పని పడ్డప్పుడు కూడా 1 కిందికి పడిపోతుంటే వేడి ఎక్కువై ఉండొచ్చు. మే నెల నల్లగొండ ఎండకు, ఫ్యాన్ సందుల్లో దుమ్ము పేరుకున్న ల్యాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆ నెమ్మదికి యాంటీవైరస్‌ను తిట్టి లాభం లేదు, బ్రష్‌తో దుమ్ము తీయించాలి.

డిఫెండర్ చాలా, చాలదా: రెండు వాదాలు

విండోస్ 8 నుంచి డిఫెండర్ యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంది. విడిగా వేయనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. వేరే యాంటీవైరస్ వేస్తే తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది.

'చాలు' అనేవాళ్ల వాదన ఇది: జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ రక్షణ, వేగం, వాడుక అనే మూడింటికీ ఆరేసి చొప్పున 18 పాయింట్లకు మార్కులు వేస్తుంది. డిఫెండర్ కొన్నేళ్లుగా పైస్థాయి మార్కులే తెచ్చుకుంటోంది. కొనమని గుర్తుచేసే పాప్‌అప్‌లు లేవు, బలవంతపు బ్రౌజర్ లేదు, వీపీఎన్ లేదు.

'చాలదు' అనేవాళ్ల దగ్గరా గట్టి వాదనే ఉంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ ల్యాబ్ ఫైళ్ల కాపీ, ప్రోగ్రాంలు తెరవడం, ఇన్‌స్టాల్ చేయడం వంటి పనుల్లో ఎంత నెమ్మది వస్తుందో విడిగా కొలుస్తుంది. అందులో మెకాఫీ, ఈసెట్, కే7, క్యాస్పర్‌స్కీ వంటివి చాలాసార్లు ముందు వరసలో ఉంటే, డిఫెండర్ మధ్యలోనో చివరి వైపో ఉంటుంది. పైగా డిఫెండర్ క్లౌడ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. నెట్ తీసేసి పరీక్షిస్తే వైరస్‌లను పట్టే శక్తి బాగా తగ్గుతుంది.

అంటే విండోస్‌తో వచ్చింది కాబట్టి డిఫెండరే అన్నిటికంటే తేలిక అనే నమ్మకం నిజం కాదు. అయితే ల్యాబ్‌వాళ్ల తక్కువస్థాయి యంత్రంలో కూడా ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, మన పాత డెస్క్‌టాప్‌లో ఉండదు. మొదటి స్థానానికీ ఆరో స్థానానికీ ఉన్న తేడా ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో చేతికి తెలియదు. హార్డ్‌డిస్క్ యంత్రంలో తెలుస్తుంది కానీ, అక్కడ యాంటీవైరస్ మారిస్తే వచ్చే లాభం కంటే 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ బిగిస్తే వచ్చే లాభం ఎన్నో రెట్లు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ ఉన్న చోటే పడుతుంది, డెస్క్‌టాప్‌లో ఉన్న కేబుళ్లతోనే నడుస్తుంది. ఏడాది యాంటీవైరస్ డబ్బు చేతిలో ఉంటే ముందు దీనికి జమ చేసుకోవడం మేలు.

డిఫెండర్‌నే ఉంచుకునేవాళ్లు దాని స్కాన్ వేళ మార్చుకోవచ్చు. స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ తెరిచి, ఎడమ పక్క లైబ్రరీలో మైక్రోసాఫ్ట్, దాని కింద విండోస్, దాని కింద విండోస్ డిఫెండర్‌లోకి వెళ్తే 'విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్' ఉంటుంది. ప్రాపర్టీస్‌లో ట్రిగ్గర్స్, న్యూ నొక్కి, వారానికోసారి, ఇంట్లో ఎవరూ వాడని టైమ్ పెట్టాలి. కండిషన్స్‌లో కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే, కరెంటు మీద ఉన్నప్పుడే అనే రెండు గడులకు టిక్ పెడితే బ్యాటరీ మీద నడుస్తుండగా స్కాన్ మొదలుకాదు.

జిరాక్స్ సెంటర్ నుంచి ఇంటికొచ్చే పెన్‌డ్రైవ్

మన దగ్గర ఇంటి కంప్యూటర్‌కు వైరస్ వచ్చే దారుల్లో ఇది చాలా పాతది, ఇంకా మూసుకోనిది. హాల్‌టికెట్ ప్రింట్ తీయించడానికి పెన్‌డ్రైవ్ తీసుకెళ్తారు. రోజుకు పదుల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే ఆ సిస్టంలో ఒక్కసారి పురుగు చేరిందంటే తర్వాత వచ్చిన ప్రతిదానికీ ఎక్కుతుంది.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఫోల్డర్లు కనబడవు. పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్, మూలన చిన్న వంకర బాణంతో, ఒకటి రెండు కేబీల సైజుతో ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే అసలు ఫైళ్లు తెరుచుకుంటాయి, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే క్లిక్‌తో వెనక ఒక స్క్రిప్ట్ కూడా నడిచి కంప్యూటర్‌లోకి చేరిపోతుంది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే వైరస్ దానంతట అదే నడిచే రోజులు విండోస్ 7తో దాదాపు పోయాయి. ఇప్పుడు దానికి మన క్లిక్ కావాలి, ఆ షార్ట్‌కట్ వేషం అందుకే.

డబుల్ క్లిక్ చేయకుండా, దిస్ పీసీలో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించాలి. ఆ తర్వాత ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో 'హిడెన్ ఐటమ్స్' టిక్ చేస్తే దాచిన ఫోల్డర్లు మసక రంగులో బయటపడతాయి. అప్పటికీ రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టం ఫైల్స్' టిక్ తీయాలి. కావాల్సిన పీడీఎఫ్‌లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, తీసిన టిక్ మళ్లీ పెట్టేయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ యూఎస్‌బీ పరికరం తెరవాలో వద్దో అది మన చేతిలో పెడుతుంది. క్విక్ హీల్, ఈస్కాన్, కే7 సంస్థల ఉచిత వైరస్ ఏరివేత ప్రోగ్రాంలు కూడా అదే సైట్‌లో దొరుకుతాయి.

ఉచితం, ట్రయల్, డబ్బాలో కీ

ఉచిత యాంటీవైరస్‌లలో రక్షణ ఇంజిన్ సాధారణంగా డబ్బు కట్టే వాటిలో ఉన్నదే. తేడా ఇతర సౌకర్యాల్లో, ప్రకటనల్లో ఉంటుంది. సమాచారం సంగతి మాత్రం చూసుకోవాలి. అవాస్ట్ వాడినవాళ్ల బ్రౌజింగ్ వివరాలను దాని అనుబంధ సంస్థ జంప్‌షాట్ అమ్మినట్టు తేలి, 2020లో ఆ సంస్థ మూతపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. మాల్వేర్‌బైట్స్ ఉచిత రకం ఇంకోలా ఉంటుంది. ట్రయల్ అయిపోయాక అందులో రియల్ టైమ్ రక్షణ ఉండదు, మనం నొక్కితేనే వెతుకుతుంది. డిఫెండర్ పక్కన రెండో అభిప్రాయానికి అది బాగుంటుంది, ఒంటరిగా చాలదు.

కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ ఇంకో తలనొప్పి. గడువు తీరాక రక్షణ తగ్గి, గుర్తుచేసే కిటికీలు మాత్రం మిగులుతాయి, కొన్నిసార్లు డిఫెండర్‌నూ లేవనివ్వదు. విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' నొక్కితే ఇప్పుడు కాపలా ఎవరిదో తెలుస్తుంది. ట్రయల్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేశాక ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ కూడా నడపాలి. లేకపోతే లోపలి పొరలో డ్రైవర్ ముక్కలు ఉండిపోయి, తీసేసిన యాంటీవైరస్ బరువు ఇంకా మోయాల్సి వస్తుంది.

షాపులో డబ్బాలో అమ్మే పుణె క్విక్ హీల్, చెన్నై కే7 వంటి వాటికి ఇక్కడి బలం ఉంది. కీ గీకి వేసుకోవచ్చు, కార్డు వివరాలు ఇవ్వనక్కర్లేదు, కాబట్టి చెప్పకుండా రెన్యువల్ డబ్బులు కట్ కావు. కొన్నాక టోటల్ సెక్యూరిటీలోని ట్యూన్అప్, పేరెంటల్ కంట్రోల్ వంటివి వాడకపోతే ఆపేయాలి, కొంత బరువు వాటిది కూడా.

మినహాయింపుల పట్టికలో దాగిన దొంగ

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, ఎక్కడైనా ఫార్మాట్ కొట్టించినా ఒకచోట తప్పకుండా చూడాలి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కింద 'ఎక్స్‌క్లూజన్స్'. ఇది యాంటీవైరస్ చూడకూడని చోట్ల జాబితా. కీ కొనకుండా విండోస్‌ను యాక్టివేట్ చేసే దొంగ టూల్స్‌ను డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి, వాటిని వేసేవాళ్లు ముందు రక్షణ ఆపి, ఆ ఫోల్డర్‌నో మొత్తం సీ డ్రైవ్‌నో ఈ జాబితాలో చేరుస్తారు. సీ డ్రైవ్ అక్కడుంటే యాంటీవైరస్ ఎంతో తేలికగా అనిపిస్తుంది, ఎందుకంటే అది ఏమీ చూడటం లేదు. మీరు పెట్టని ప్రతి వరసా తీసేసి, వెనక్కి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ పేజీకి వచ్చి, అక్కడి స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు పావుగంట వెతుకుతుంది.

మూడు ఇళ్లు, మూడు లెక్కలు

మిర్యాలగూడలో ఒక ఇంట్లో డెస్క్‌టాప్ ఉందనుకుందాం: 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్, విండోస్ 10, మిల్లు లెక్కలకు ట్యాలీ, నెట్ బాగుంది. ఇక్కడ డిఫెండరే ఉంచి, స్కాన్ వేళ మార్చి, ఎస్‌ఎస్‌డీ వేయించడం లాభం. లెక్కల ఫోల్డర్‌ను వారానికోసారి బయటి డిస్క్‌కు కాపీ చేసి, ఆ డిస్క్ పీకి పెట్టాలి. గుచ్చే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తాళం వేస్తుంది. ట్యాలీ నెమ్మదిగా ఉందని ఆ ఫోల్డర్‌ను మినహాయింపుల్లో పెట్టమని సలహా ఇస్తుంటారు. పెట్టాల్సి వస్తే డేటా ఫోల్డర్ ఒక్కటే పెట్టాలి, డ్రైవ్ మొత్తం కాదు.

వనపర్తిలో డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్: 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. బయటి యాంటీవైరస్ అవసరం కనబడదు. ఇతనికి ఎక్కువగా వచ్చేది వైరస్ కాదు, 'మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి' అని మూలన ఎగిరే కిటికీ. సినిమా సైట్‌లో అలో నొక్కినందుకు ఆ సైట్ పంపే నోటిఫికేషన్ అది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని పేర్లు తీసేస్తే ఆగిపోతుంది. దానికోసం యాంటీవైరస్ కొంటే డబ్బు పోతుంది, కిటికీ మాత్రం వస్తూనే ఉంటుంది.

అచ్చంపేట వైపు ఒక ఊరు: 4 జీబీ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజుకు గంట నెట్, పెన్‌డ్రైవ్‌లతోనే రాకపోకలు. క్లౌడ్ మీద ఆధారపడే రక్షణ ఇక్కడ బలహీనం. నెట్ లేకున్నా బాగా పట్టే, డిస్క్ మీద తేలికగా ఉండే డబ్బా యాంటీవైరస్‌కు డబ్బు పెట్టడంలో ఇక్కడ అర్థముంది. కొనేముందు ట్రయల్ వేసి, రెండు రోజులు ఆగి, అదే ఫోల్డర్‌ను ముందూ వెనకా కాపీ చేసి టైమ్ చూసుకోవాలి. హాట్‌స్పాట్‌ను విండోస్ 'మీటర్డ్ కనెక్షన్'గా పెట్టుకుంటే కొన్ని అప్‌డేట్లు ఆలస్యమవుతాయి, కాబట్టి నెట్ పెట్టిన గంటలో ముందు యాంటీవైరస్ అప్‌డేట్ నొక్కాలి.

విండోస్ 10లో ఉండిపోయేవాళ్లకు

డిఫెండర్ సిగ్నేచర్లు విండోస్ 10కు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దీన్ని చూసి రక్షణకు లోటు లేదనుకుంటున్నారు. అది సగం మాటే. యాంటీవైరస్ వచ్చిన దొంగను పట్టేది, విండోస్ అప్‌డేట్ దొంగ దూరే కన్నం పూడ్చేది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఒక కన్నం గుండా, ఎవరూ ఏమీ నొక్కకుండానే యంత్రం నుంచి యంత్రానికి పాకింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఆ అప్‌డేట్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇంటి వాడకందారులకు ఈఎస్‌యూ అనే పొడిగింపు ఇచ్చింది, ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 10 చివరి రకం 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింక్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. షాపుకు తీసుకెళ్లేముందు ఇంట్లోనే చేసుకోగల పని ఇది.

విండోస్ 7 యంత్రాల సంగతి వేరు. 2020 జనవరితో దానికి మద్దతు ఆగింది, క్రోమ్ కూడా 109తోనే నిలిచిపోయింది. దానికి ఏ తేలికైన యాంటీవైరస్ వేసినా కన్నాలు తెరిచే ఉంటాయి. పాటలకు, టైపింగ్‌కు నెట్ లేకుండా వాడుకోవచ్చు కానీ, బ్యాంకు లాగిన్‌కు, ఓటీపీ వచ్చే ఏ పనికీ అది వద్దు.